గడ్డి నాదే, కట్టు నాది కాదు

"గడ్డి నాదే మేడం. కట్టు నాది కాదు."

యాకూబు ఆ మాట అనడం అది నాలుగోసారి. కామారెడ్డి పోలీస్ స్టేషన్ గోడ గడియారం పదకొండు గంటల పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ అరవింద్ నాకు ఇచ్చింది పావుగంట. అందులో ఆరు నిమిషాలు నాకొక కుర్చీ వెతకడానికే పోయాయి. యాభై నాలుగేళ్లు వచ్చాక, మోకాళ్లలో గుజ్జు అరిగాక, నిలబడి ఎవరినీ ప్రశ్నించలేను. ఇరవై రెండేళ్లు ఈ డిపార్టుమెంటు క్లూస్ టీములో నేల మీద పాకి పాకి అరగదీసుకున్న మోకాళ్లే ఇవి. ఇప్పుడు కామారెడ్డిలో మేడ మీద ఒక గది, తలుపు మీద 'రూత్, ప్రైవేట్ డిటెక్టివ్' అన్న బోర్డు, బల్ల సొరుగులో నొప్పి మాత్రలు. నేను సంపాదించుకున్నది ఇంతే.

కేసు చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఎల్లారెడ్డికి కాస్త ముందు వచ్చే మొగిలిగుట్ట అనే ఊళ్లో గంగారాం అనే రైతు మంగళవారం పొద్దున ఏడూ పదికి తన పొలం గట్టు కింద చచ్చిపడి కనిపించాడు. తల వెనక పగిలింది. తల కింద రాయి, పక్కన పచ్చగడ్డి మోపు. ఆ ఇంటి బర్రెలకు రోజూ గడ్డి కోసి వేసేవాడు యాకూబు. ముందురోజు మధ్యాహ్నం ఆ గట్టు మీద గడ్డి కోయొద్దని గంగారాం, కోస్తానని ఇతను అరుచుకోవడం రోడ్డున పోయేవాళ్లు విన్నారు. తెల్లవారుజామున యాకూబు మళ్లీ అక్కడే కోస్తుంటే గంగారాం పట్టుకున్నాడని, పెనుగులాటలో యాకూబు తోసేసి, మోపు వదిలి పారిపోయాడని అరవింద్ వాదన. నిన్న సాయంత్రం అయిదింటికి అరెస్టు చూపించాడు. ఈరోజు నాలుగింటికి ఎల్లారెడ్డి కోర్టులో హాజరుపరుస్తాడు. ఆ తర్వాత యాకూబు జైలుకు వెళ్తాడు. జామీనుకు నిలబడే మనిషి కూడా లేనివాడు ఎప్పుడు బయటికి వస్తాడో నాకు బాగా తెలుసు.

నాకు ఈ కేసు అప్పగించింది చనిపోయినవాడి భార్య విమలమ్మ. నిన్న సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేసింది. "యాకూబును ఇడిపియ్యుండ్రి మేడం. వాడు గసువంటోడు కాదు" అంది. చంపినవాణ్ని పట్టుకోమని అనలేదు. ఇన్నేళ్లలో అలా అనని భార్యను నేను చూడలేదు. ఆ సంగతి అప్పుడే నా మెదడుకు తట్టి ఉండాల్సింది. అలసిపోయి ఉన్నాను, తట్టలేదు.

"కట్టు నీది కాదని ఎట్ల చెప్తవు?" అన్నాను.

"నేను కట్టలే గనక."

"అది జవాబు కాదు యాకూబూ. నువ్వు కట్టేది ఎట్లుంటదో చెప్పు."

అతను బేడీలున్న చేతులు ముందుకు చాపాడు. "తాడు ఎవ్వలు పట్టుకపోరు మేడం. గడ్డి కోసిన కాడనే తీగ పీకుతం. నాలుగైదు పోగులు కలిపి పేని మోపు కింద పరుస్త. మోపు మీద మోకాలు పెట్టి, రెండు కొసలు రెండు చేతుల్ల పట్టి, ఇగో ఇట్ల మెలేసి కిందికి దోపుత." గాలిలోనే మోపు కట్టి చూపించాడు. రెండు చేతులూ బలంగా, చురుగ్గా ఉన్నాయి.

"సోమవారం గంగారాం ఇంట్ల గడ్డి ఎన్నింటికి వేసినవ్?"

"మాపటికి నాలుగున్నరకు. కొట్టంల కట్టు ఇప్పి, సగం బర్రెలకు ఏసిన. సగం మూలకు పెట్టిన."

"ఇప్పిన కట్టు ఏం చేసినవ్?"

"చూరుకు చెక్కిన. కింద పడేస్తే గడ్డితోని కలిపి బర్రెలు మింగుతయి, కడుపుబ్బుతది. రోజు ఆడనే చెక్కుత."

"ఈ ముచ్చట ఇన్‌స్పెక్టర్‌కు చెప్పినవా?"

"చెప్పిన. నవ్విండు."

నాకు నవ్వు రాలేదు. అబద్ధం చెప్పేవాడు గడ్డి కూడా నాది కాదంటాడు. సగం ఒప్పుకుని ఉరితాడు తనే మెడకు వేసుకునేవాడు అబద్ధాలు నేర్వనివాడు. నేను లేచి, మోపు ఎక్కడ పెట్టారో చూపించమని కానిస్టేబుల్‌ను అడిగాను. ఒక స్టీలు గ్లాసులో వేడి నీళ్లు కూడా తెమ్మన్నాను.

మోపు గోనెపట్టా మీద ఉంది. రెండు రోజులకు గడ్డి పసుపెక్కింది. చిన్న మోపు, యాకూబులాంటి మనిషి తలకెత్తుకునేదానిలో సగం కూడా లేదు. కట్టు సన్నని తీగల పేన. ఆకులు ఎండి చుట్టుకుపోయాయి. ఎండిన ఆకు చూసి తీగ పేరు చెప్పేవాణ్ని నేను నమ్మను. పువ్వు కావాలి. ఆకుల మధ్య మూడు పువ్వులు, ముడుచుకుపోయి, గోధుమరంగు తిరిగి దొరికాయి. ఒకటి తుంచి వేడి నీళ్లలో వేశాను. అయిదు నిమిషాలకు మెత్తబడింది. సూదితో విప్పి, జేబులోని భూతద్దం కంటికి పెట్టుకున్నాను.

"ఏంది మేడం, పువ్వుల వేలిముద్రలున్నయా?" వెనక నుంచి అరవింద్ గొంతు. పన్నెండేళ్ల క్రితం నా దగ్గర శిక్షణకు వచ్చిన కుర్రాడు. ఇప్పుడు బెల్టు పైన కొంచెం పొట్ట, గొంతులో బోలెడు తొందర.

"రెండు పోగులున్నయి" అన్నాను.

"అంటే?"

"అంటే ఈ తీగ ఆ గట్టు మీద పీకింది కాదేమోనని నా అనుమానం."

అతను మోపు వైపు, నా వైపు చూశాడు. "తీగ తీగే గద మేడం."

"అందరూ అట్లనే అనుకుంటరు. నువ్వు కూడ అనుకోవాల్నా? ఈ జిల్లాల గరాటు పువ్వు పూసే తీగలు పదికి మీదనే ఉన్నయి. దగ్గరి చుట్టాలు, దూరం నుంచి చూస్తే ఒక్క తీరే. ఎల్లారెడ్డి దిక్కు ఎర్రనేల గట్ల మీద పాకేదానికి పువ్వుకు కాడ ఉండనట్టే, ఆకు సందులనే పూస్తది. కాయ మీద నూగు ఉంటది. పువ్వు లోపల, పుప్పొడి అందుకునే కొస గుండ్రంగ ఉంటది, ఆవగింజ లెక్క. దీనికి చూడు. పొడుగు కాడ. కాడ నడుమ రెండు చిన్న పోచలు. కాయ నున్నగ. కొస గుండ్రంగ లేదు, రెండు దారప్పోగుల తీరు చీలింది. ఇది నల్లరేగడిల శనగ చేన్లను చుట్టుకునే తీగ. మద్నూర్ దిక్కు రైతులు దీన్ని పీకలేక ఏడుస్తరు."

"మొగిలిగుట్టల ఇది లేనే లేదని రాసిస్తరా?"

"రాసియ్య. మొక్కలు మండలం హద్దు చూసి మొలవవు."

"మరి ఇంకేంది?" గెలిచినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

సూదితో పేన మధ్య నుంచి ఒక ఎండు రెమ్మను పైకి లేపాను. తీగ దాని చుట్టూ మూడు చుట్లు చుట్టి ఉంది. చిన్న చిన్న ఆకులు, అంచులకు రంపపు పళ్లు. "ఇది శనగ. మొగిలిగుట్టల ఈ యాసంగిల ఎవలన్న శనగ ఏసిండ్రా?"

అరవింద్ ఆ రెమ్మ మీదికి వంగాడు. "వరి తప్ప ఏం లేదు" అన్నాడు చివరికి. మళ్లీ తేరుకున్నాడు. "కోర్టుల పువ్వు పట్టుకొని నిలబడితే నవ్వుతరు మేడం. నాకు సాక్షులున్నరు. గొడవ ఉంది. గడ్డి నాదే అని వాడే ఒప్పుకున్నడు."

"కట్టు నాది కాదని కూడ అన్నడు. నీ కాగితంల అది రాసుకున్నవా?"

"గది కూడ రాయాల్నా?"

"శవపరీక్ష రిపోర్టు?"

"సోమారం వస్తది."

"అంటే ఎన్నింటికి సచ్చిండో కూడ ఇంక తెల్వదు."

అతని ముఖం ఎర్రబడింది. నాకూ కోపం వచ్చింది కానీ కోపాన్ని మోసే ఓపిక లేక వదిలేశాను. "కోర్టుకు నువ్వు పోయేది ఎల్లారెడ్డికే. మూడింటికి మొగిలిగుట్టల పది నిమిషాలు ఆగు. మోపు పట్టుకొని రా. యాకూబు కూడ జీపులనే ఉంటడు" అన్నాను.

"ఏం దొరకకుంటే?"

"దొరకకుంటే నీ కేసులల్ల మళ్ల కాలు పెట్ట."

"మాట మీద ఉండుండ్రి" అన్నాడు, సంతోషం దాచుకోకుండా.

ఒక సంగతి అతనికి చెప్పలేదు. ఆ కట్టు ఒక కొస నలిగి ఉంది. వేళ్లతో నలిపితే అలా నలగదు. పైన నాలుగు, కింద నాలుగు, పళ్ల గుర్తులు. మోపు కట్టినవాళ్లు తీగ కొసను నోట కరిచి లాగారు. రెండు చేతులూ బాగా ఉన్నవాడికి నోటితో పనేముంది?

పన్నెండూ అయిదుకు కామారెడ్డిలో బయలుదేరి, తాడ్వాయిలో ఒకసారి మోకాలు చాపుకోవడానికి ఆగి, ఒంటిగంటా నలభైకి మొగిలిగుట్ట చేరాను. చావుకు ఆ రోజు మూడో రోజు. పిట్టకు పెట్టడానికి, అంటే చనిపోయినవాడి పేరున కాకులకు అన్నం పెట్టడానికి, చుట్టాలంతా కాలబెట్టిన చోటికి వెళ్లారు. ఇంట్లో విమలమ్మ ఒక్కతే ఉంది. జ్వరమని వెళ్లలేదట.

"రాండ్రి మేడం" అంది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎడమ చేత్తో ఇచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకు ఎడమ చేత్తో నీళ్లిచ్చే ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. నేను చూడటం చూసి, "ఏమనుకోకుండ్రి" అని కుడి చెయ్యి కొంగు లోపలికి ఇంకాస్త లాక్కుంది. ఎడమ చేతికి గాజులు నిండుగా ఉన్నాయి.

నీళ్లు తాగాను. మోకాళ్లు నొప్పి పెడుతుంటే గడప మీదే కూర్చుని అడగడం మొదలుపెట్టాను.

"సోమవారం గంగారాం ఇంటికి ఎన్నింటికి వచ్చిండు?"

"ఆరింటికి."

"మళ్ల ఎప్పుడు పోయిండు?"

"పొద్దుగాల అయిదింటికి. నేను లేవలే అప్పటికి."

"లేవకుంటే అయిదని ఎట్ల ఎర్క?"

ఆమె కొంగు అంచు సర్దుకుంది.

"ఆ సాయంత్రం ఇంటికి ఎవలన్న వచ్చిండ్రా?"

"ఎవ్వలు రాలే."

"నీ తల్లిగారి ఊరేది?"

"మద్నూర్" అంది. "తమ్ముడు రాకేష్ ఆడనే ఎవుసం చేస్తడు. ఖబర్ వోయినంక మంగళారం తొమ్మిదింటికి వచ్చిండు."

మద్నూర్ అన్న మాటతో నాకు ప్రాణం లేచి రావాలి. రాలేదు. కేసు ఇక్కడిదాకా వస్తుందని ఆమె ముఖం చూస్తే నాకు ముందే తెలిసినట్టు అనిపించింది.

కొట్టంలోకి వెళ్లాను. రెండు బర్రెలు, కుడితి తొట్టి, ఒక మూల గడ్డి పోచలు రాలిన ఖాళీ జాగా. అక్కడ ఉండాల్సిన సగం మోపు లేదు. చూరు వైపు చూశాను. యాకూబు చెప్పినట్టే, తాటికమ్మల సందులో మెలితిరిగిన తీగల కట్టలు చెక్కి ఉన్నాయి, పాతవీ కొత్తవీ. అన్నిటికన్నా బయటికి ఉన్నది లాగాను. ఇంకా కొంచెం పచ్చి ఉంది. కాయ మీద వేలు రాశాను, నూగు తగిలింది. పువ్వు ఆకు సందులోనే, కాడ లేకుండా. చెంబులో మిగిలిన నీళ్లలో నానబెట్టి విప్పి భూతద్దంలో చూశాను. ఆవగింజంత గుండ్రటి కొస. కొసలు రెండూ మెలేసి ఉన్నాయి. పళ్ల గుర్తుల్లేవు. ఇది యాకూబు కట్టు.

అయితే మోపుకు కట్టిన తీగ ఎక్కడిది? దానికి జవాబు వంటింటి చూరు కింద, గంపలో దొరికింది. తీగ కాదు, ఆ తీగతో కట్టి తెచ్చిన సరుకు. పచ్చి కాయలతో పీకిన శనగ మొక్కలు, చేరెడు కాదు, రెండు చేతుల నిండా వచ్చేంత. వాడిపోయి, విడివిడిగా, గంపంతా పరుచుకుని ఉన్నాయి. కాల్చుకుని తినడానికి తెచ్చే శనగ ఎవరూ అలా విడిగా తేరు. కట్ట కట్టి తెస్తారు. ఆ కట్టు లేదు.

"ఇవెవలు తెచ్చిండ్రు?" అని అడిగాను.

"తమ్ముడు" అంది. అనేశాక పెదవి కొరుక్కుంది.

"ఎప్పుడు?"

"మంగళారం. చెప్పిన గద, ఖబర్ వోయినంక."

"బావ సచ్చిండని ఖబర్ వస్తే, కాల్చుకొని తినేతందుకు శనగ కట్ట పట్టుకొని వచ్చిండా విమలమ్మా?"

చావింటికి ఈ ప్రాంతంలో ఎవరూ చేతిలో ఏదీ పట్టుకుని రారు. శత్రువు కూడా రాడు. అది నాకు తెలుసు, ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసు. ఆమె గోడకు జారబడి అక్కడే కూలబడింది.

"కొట్టంల చీకటి" అంది చివరికి. "చేతుల ఏది దొరికితే అది చుట్టిన. రెండు తీగలే గద. గడ్డికి పోయి జారిపడ్డడు అనుకుంటరనుకున్న. గట్టు ఇంటెనకనే ఉండె. యాకూబు మీదికి పోతదని కలల కూడ అనుకోలే అక్కా. వాణ్ని జీపుల ఎక్కిస్తుంటే నా పేగులు మెలిపడ్డయి."

మేడం పోయి అక్క అయ్యాను. నాకు ఆ పిలుపు నచ్చలేదు, ఎందుకంటే దాని వెనక ఏదో ఒకటి అడుగుతారు.

"అందుకే నాకు ఫోన్ చేసినవా?"

"వాడు బయటికి రావాలె. ఇంకెవ్వలు లోపలికి పోవద్దు. గట్ల కాదా?"

"గట్ల కాదు" అన్నాను. "ఎవలు కొట్టిండ్రు?"

"నేనే."

ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి, రెప్ప వేయకుండా. గంగారాం చెయ్యి ఆమె మీద లేవడం ఆ సోమవారమే మొదలు కాదని ఆ చూపే చెప్పింది. కొంగు కింద ఉన్నది ఎలాంటి చెయ్యో, నోట కరిచిన ఆ తీగ కొస నాకు ముందే చెప్పింది. ఆ చేత్తో ఒకర్ని కొట్టడం అటుంచి, గ్లాసు కూడా ఎత్తలేదు. తమ్ముడు ఆ సోమవారమే శనగ కట్టతో గడప దాటేసరికి ఏం చూశాడో, బావను ఏం చేశాడో, శవాన్ని గట్టు దాకా ఎవరు మోశారో ఊహించడానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, "కొంగు తియ్యి" అని. నేను అడగలేదు. నన్ను పిలిచింది యాకూబును విడిపించడానికి. అతను బయటికి వస్తాడు. ఆమె మాట కాగితం మీదికి ఎక్కుతుంది, దెబ్బలు తిన్న ఆడదని కోర్టు కనికరిస్తుంది. చాలు, ఇంటికి పోయి కాళ్లకు వేడినీళ్లు పెట్టుకుందామనిపించింది. సిగ్గుపడుతూనే అనుకున్నాను, అయినా అనుకున్నాను.

రెండూ యాభై రెండుకు జీపు వచ్చింది. అరవింద్ కానిస్టేబుల్‌తో మోపు మోయించుకుని లోపలికి వచ్చాడు. నేను ఏమీ వివరించలేదు. రెండు కట్లూ పక్కపక్కన పెట్టి, రెండు పువ్వులు నీళ్లలో విప్పి, భూతద్దం అతని చేతికి ఇచ్చాను.

ఒక కన్ను మూసి వంగాడు. "గుండ్రంగ ఉంది" అన్నాడు. రెండో దాని మీదికి జరిగాడు. చాలాసేపు చూశాడు. "పోగులు" అన్నాడు నెమ్మదిగా. గంపలోని శనగ వైపు చూశాడు, ఖాళీ మూల వైపు చూశాడు. ఈ పిల్లవాడు మొద్దు కాడు, తొందర ఎక్కువ, అంతే. "మోపు ఈ ఇంట్లనే కట్టిండ్రు" అన్నాడు.

"నేను కట్టిన సార్" అంది విమలమ్మ గడపలోంచి.

అతను నోట్‌బుక్ తీసేలోపే ఆమె మమ్మల్ని దాటుకుని జీపు దగ్గరికి నడిచింది. యాకూబు వెనక సీట్లో, బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"మోపు నేను కట్టిన యాకూబు. నిన్ను ఇరికియ్యాలని కాదు బిడ్డా. మా ఇంటాయనను కొట్టింది కూడ నేనే. నీది ఏం తప్పు లేదు." అంటూ కన్నీళ్లు తుడుచుకోబోయింది. అలవాటు కొద్దీ కుడి చెయ్యి లేచింది. కొంగు జారింది. మణికట్టు దగ్గర చెయ్యి ఉబ్బి, నల్లగా కమిలి, వంకరగా ఉంది. ఆ చేతికి గాజులు లేవు.

యాకూబు ఆమె ముఖం చూడలేదు. చెయ్యి చూశాడు. నిన్నటి నుంచి లాకప్‌లో ఉండి వచ్చినవాడి ముఖంలో మొదట కనిపించింది జాలి.

"ఆ చెయ్యితోనా అమ్మా?" అన్నాడు.

అతను సాక్ష్యం చెబుదామని అనలేదు. నోటికి వచ్చిన మాట అన్నాడు, అంతే. నేను కావాలని మింగేసిన ప్రశ్న అది. అరవింద్ నా వైపు తిరిగాడు.

"మీరు చూసిండ్రా మేడం?"

"చూసిన" అన్నాను.

అప్పుడే సందు మలుపులో చుట్టాలు కనిపించారు. తడి తలలు, ఖాళీ గిన్నెలు. ముందు నడుస్తున్న ముప్పై ఏళ్ల మనిషి జీపును చూసి ఆగాడు. విమలమ్మ వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

"రాకేషూ, రాకు! ఎన్కకు పో!" అని అరిచింది.

అంతే. ఎర్రనేల తీగకూ నల్లనేల తీగకూ తేడా కనిపెట్టడానికి నేను పొద్దంతా పడ్డ తిప్పలు ఆ ఒక్క అరుపు ముందు ఎందుకూ కొరగాకుండా పోయాయి. కాపాడుకోవాలనుకున్న తమ్ముణ్ని ఆమె గొంతే పట్టించింది.

రాకేష్ వెనక్కి పోలేదు. చేతిలోని గిన్నె గోడ పక్కన పెట్టి, మెల్లగా నడిచి వచ్చి, అక్క కుడి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇగ చాలక్కా" అన్నాడు. "యాకూబును దింపుండ్రి సార్."

మూడు దాటి నాలుగు నిమిషాలయింది. అరవింద్ జీపెక్కి యాకూబు చేతుల బేడీలు విప్పాడు. వాటిని జేబులో వేసుకోలేదు. చేతిలో పట్టుకుని దిగి వచ్చి, అక్క చెయ్యి వదలని రాకేష్ ముందు అలాగే నిలబడ్డాడు.